మూడు గరిటెల పతకం

పోయిన నెల ఒక పొద్దున తొర్రూరు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా టీచరమ్మ పక్కింట్లో మిషన్ కుట్టుకునే అక్క. "సిస్టరమ్మా, టీచరమ్మ లెవ్వలే. చాయ్ ఇద్దామని పోయిన, ఎంత పిలిచినా పలుకలే," అంది. నేను మానుకోట దవాఖానలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి రిటైరైన మనిషిని. చావు కబురు వినడం, ఇంకొకరికి చెప్పడం నా నౌకరీలో భాగం. అయినా ఫోన్ పెట్టేసి వంటింట్లో ఉత్తగా నిలబడిపోయాను. పాలు పొంగి స్టవ్వంతా అయ్యాక గానీ తేరుకోలేదు.

ఆమెకు ఎనభై ఆరో, ఎనభై ఏడో. పండు వయసే. పండు వయసులో పోయినవాళ్ళ కోసం ఏడవకూడదని ఎవరన్నారో గానీ, నేను బస్సులో తొర్రూరు దాకా ఏడుస్తూనే పోయాను. పక్క సీటులో ఉన్నామె "ఎవరమ్మా, మీ అమ్మనా?" అని అడిగింది. కాదన్నాను. మరెవరంటే చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. నన్ను చదివించిన మనిషి అని చెప్పనా, మా పెదనాయిన చావుకు కారణమైన మనిషి అని చెప్పనా? రెండూ నిజమే. బస్సులో ఆమెకు చెప్పలేనిది మీకు చెబుదామని కూర్చున్నాను.

మా హైస్కూల్లో ఆమె సాంఘికశాస్త్రం చెప్పేది. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఎప్పుడూ వెలిసిన నేత చీరే. మాటలో తీపి తక్కువ. హోంవర్కు చెయ్యకపోతే కొట్టేది కాదు. "ఎందుకు జెయ్యలే?" అని అడిగి, మేం చెప్పే అబద్ధం పూర్తయ్యే దాకా ఓపికగా వినేది. దానికన్నా రెండు దెబ్బలు తినడమే నయమని మాకు అనిపించేది.

దూరపు ఊళ్ళ నుంచి నడిచి వచ్చే పిల్లల కోసం ఆమె రోజూ పెద్ద గిన్నె నిండా అన్నం వండుకొచ్చేది. మధ్యాహ్నం తనే వడ్డించేది. ఆ వడ్డించడం మాత్రం లోకంలో ఎక్కడా లేనిది. చెయ్యి మన పళ్ళెం మీద ఉంటుంది, ముఖం కిటికీ వైపు ఉంటుంది. సగం అన్నం పళ్ళెంలో, సగం నేల మీద. "టీచరమ్మా, కింద పడుతున్నది," అంటే "ఎత్తుకోని తిను. నన్ను మాత్రం జూడమనకు," అనేది. ఎవరికి ఎంత పెట్టిందో ఒక్కనాడూ చూడలేదు. మీ ఇంట్లో ఎంతమంది అని ఎవ్వరినీ అడగలేదు. ఆమెకు మెడ పట్టేసిందని మేం చెప్పుకొని నవ్వుకునేవాళ్ళం. నేనైతే మెడ తిప్పి, గరిటె ఊపి, ఆమెలాగే వడ్డించి చూపిస్తూ క్లాసునంతా నవ్వించేదాన్ని. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆమెది ఇంకో అలవాటు. ఏటా ఆగస్టు పదిహేనున ఆటల్లో గెలిచిన పిల్లలకు హెడ్మాస్టర్ సార్ చొక్కాలకు పతకాలు తగిలించేవారు. ఆ మర్నాడు టీచరమ్మ పుస్తకం మూసేసి, బోర్డు మీద సుద్దతో ఐదు రేకుల పూవు వేసేది. మా పాఠాల్లో లేని దేశం గురించి చెప్పేది.

"కొరియా అని ఒక దేశం ఉన్నది. సుట్టు పెద్ద పెద్ద రాజ్యాలు. అందరు చక్రవర్తులైతే నేనెందుకు కావద్దని ఆ రాజు గూడ చక్రవర్తి అయిండు. చక్రవర్తి అన్నంక పతకాలుండాలె గద. దానికోసమే ఒక సర్కారు కచేరి పెట్టి, పంతొమ్మిది వందల సంవత్సరంల పతకాలు జేయించిండు. రాజు ఇంటిపేరుకు వాళ్ళ భాషల ఒక పండ్ల చెట్టు అని అర్థం. ఆ చెట్టు పూవే గిది. గీ పూవు పేరు మీద ఒక పతకం. రాజు దగ్గరి సుట్టాలకు ఇంకోటి. నౌకరి జేసేటోళ్ళకు, సిపాయిలకు వేరే. అండ్ల మళ్ళ ఎనిమిది తరగతులు. మన బడి లెక్కనే, కని ఉల్టా. ఆడ ఒకటో తరగతి పెద్దోళ్ళది, ఎనిమిదో తరగతి చిన్నోళ్ళది."

మేం నవ్వేవాళ్ళం. ఆమె నవ్వేది కాదు.

"పదేండ్లు. పదేండ్లల్ల దేశమే లేకుంట పోయింది. పక్క రాజ్యం మింగింది. మింగేటందుకు సంతకాలు వెట్టినోళ్ళ ఛాతీల మీద గీ పతకాలే ఉండె. దేశం చేతులకెల్లి పోయే ఆఖరి వారంల గూడ పంచిండ్రట."

ఒక పిల్లవాడు అడిగాడు. "మరి ఆ పతకాలు ఏమైనయ్ టీచరమ్మా?"

"ఏమైతయ్? రాజు పోతడు, రాజ్యం పోతది, వెండి యాడికి పోతది? కొత్త రాజు వాళ్ళకు కొత్త బిరుదులిచ్చిండు. పాతది తీసి సందుకల వెట్టిండ్రు, కొత్తది తగిలిచ్చుకున్నరు." అప్పుడు మా క్లాసులో పతకం వచ్చిన పిల్లను లేపి నిలబెట్టేది. "బిళ్ళ జూసి అందరు ఎవరిచ్చిండ్రని అడుగుతరు. మీరు ఎందుకిచ్చిండ్రని అడుగుండ్రి. ఈమెకెందుకిచ్చిండ్రు? ఉరికింది గనుక ఇచ్చిండ్రు. మంచిదే. కూసో."

ఒక ఏడాది ఉత్తమ ఉపాధ్యాయుల జాబితాకు హెడ్మాస్టర్ సార్ ఆమె పేరు రాస్తే, ఆ కాగితం అడిగి తీసుకొని తన పేరును ఎర్ర సిరాతో కొట్టేసి ఇచ్చిందట. పొగరని సార్లందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

పదో తరగతిలో ఉండగా ఆమె మాకొక వ్యాసం ఇచ్చింది, మీ ఇంట్లో పెద్దవాళ్ళ గురించి రాయమని. నేను మా అవ్వ గురించి, అంటే మా నాయిన తల్లి గురించి రాశాను. మాది చాకలి కుటుంబం. తొర్రూరుకు నాలుగు మైళ్ళ దూరంలో వాగు ఒడ్డున మా ఊరు. అవ్వకు ఒక పట్టింపు ఉండేది. కుండ గానీ గిన్నె గానీ ఎత్తే ముందు దాని అడుగును కొంగుతో మూడుసార్లు తుడిచేది. ఒట్టి గిన్నె అయినా సరే. మా ఇంట్లో గంజి నిలవ ఉంచనిచ్చేది కాదు, వార్చిన వెంటనే పారబోయించేది. ఎందుకని అడిగితే మా నాయిన నాకు చెప్పిన సంగతే వ్యాసంలో రాశాను.

రజాకార్ల కాలంలో మా పెదనాయినకు ఇరవై ఏళ్ళు. దొరల మీద, నైజాం మీద కొట్లాడే సంఘంలో తిరిగేవాడు. వేరే ఊళ్ళ నుంచి వచ్చిన మరో ఇద్దరు సంఘం వాళ్ళతో కలిసి చాకిరేవుకు అవతల మొగలి పొదల్లో దాక్కున్నాడు. చాకలివాళ్ళు మాపటి పూట ఇంటింటికీ కుండ పట్టుకుపోయి అన్నం పెట్టించుకోవడం అప్పటి రివాజు. అవ్వ అలా తెచ్చిన అన్నంలో వాళ్ళ ముగ్గురి వంతు గంజిలో కలిపి, ముంతలో పోసి, తెల్లారి మైల బట్టల మూటలో పెట్టుకొని రేవుకు పోయేది. దారిలో నైజాం జవాన్లు ఆపినా మైల బట్టల మూట ఎవడూ ముట్టుకోడు. అట్లా నెల దాటింది. ఒకనాడు ముంత ఒరిగి మూటలోంచి గంజి కారింది. దారి పొడుగునా చుక్కలు పడ్డాయి. ఒక కుక్క నాక్కుంటూ రేవు దాకా వచ్చింది. ఆ మర్నాడే జవాన్లు నేరుగా మొగలి పొదల దగ్గరికి వచ్చి ముగ్గురినీ కాల్చేశారు. తన గంజి చుక్కలే దారి చూపించాయని అవ్వ నమ్మింది. కొడుకును తానే చంపుకున్నానని నమ్మింది.

మేం వ్యాసం రాసి ఇచ్చిన మర్నాడు టీచరమ్మ బడికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. మూడో రోజు శనివారం. వచ్చింది, పాఠం చెప్పింది, ఒంటిపూట బడి వదిలాక నన్ను ఆపింది. "మీ ఊరికి నడువు, నేను వస్త," అంది.

నాలుగు మైళ్ళూ నేను ఏదో తప్పు రాశానని, అవ్వకు చెప్పి తిట్టిస్తుందని భయపడుతూ నడిచాను. ఊరి పొలిమేరలో ఆమె ఆగి, "నేను పుట్టింది ఈ ఊళ్ళెనే," అంది. అప్పటి దాకా నాకు తెలీదు. ఆమె నైజాం కాలంలో మా ఊరి మీద పోలీసు అధికారం చేసిన పాత పోలీసు పటేల్ బిడ్డ. తండ్రి పోయాక మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదట.

అవ్వ వాకిట్లో బట్టలు మడత పెడుతోంది. చూసి గాబరాగా లేచింది. "పటేలమ్మా, నువ్వా? ఇటు నులక మంచం మీద కూసో అమ్మా," అంది. టీచరమ్మ మంచం మీద కూర్చోలేదు. మట్టిలో కూర్చుంది. చేతిరుమాలు ముడి విప్పింది. లోపల ఒక వెండి పతకం, వెలిసిపోయిన పసుపు పట్టీ.

"అవ్వా, మీ పెద్దోడు పోయింది నీ గంజి కారినందుకు గాదు," అంది.

అవ్వ చేతిలో చీర మడత అలాగే ఉండిపోయింది.

"మా ఇంట్ల నీకు బువ్వ పెట్టేటిది నేనే గద. ఎనిమిదేండ్ల దాన్ని. నీ కుండల ఎయ్యాలంటె నాకు మస్తు ఇష్టం. ఒకనాడు తినుకుంట మా బాపుకు గొప్పగ చెప్పిన. చాకలవ్వ ఇదివరకు ఒక్క గంటె చాలనేది, ఇప్పుడు మూడు గంటెలు పెట్టిచ్చుకుంటున్నది, నేను మూడు పెడుతున్న బాపూ అన్న. బాపు తినేటోడు చెయ్యి ఆపిండు. ఎన్ని దినాల సంది బిడ్డా అన్నడు. నేను వేళ్ళు మడిచి లెక్కవెట్టి చెప్పిన."

నేను తలుపు పక్కన నిలబడి వింటున్నాను.

"కొన్నాళ్ళకు బాపు జనగామకు పోయొచ్చిండు. నైజాం సర్కారు ఇచ్చిందని గిది తెచ్చి నా మెడల ఏసిండు. నీ కండ్లు జూసినందుకే వచ్చింది బిడ్డా, నీదే అన్నడు. నేను ఆ దినమంత ఊరంత తిరిగి చూపెట్టుకున్న. మీ పెద్దోడు పోయినంక ఆ మాపే మొదటిసారి నువ్వు కుండ వట్టుకోని వచ్చినవ్."

"వచ్చిన," అంది అవ్వ మెల్లగా. "కొడుకు పోతేంది, చిన్నోడున్నడు, కడుపున్నది. రాక యాడికి పోత?"

"ఏందమ్మ మెడల అని అడిగినవ్. మా బాపు ఇచ్చిండు అన్న. మంచిగున్నది బిడ్డా అన్నవ్. నేను మూడు గంటెలు ముంచబోయిన. ఒక్కటి చాలు బిడ్డా అన్నవ్."

రేవు నుంచి బట్టలు బాదే చప్పుడు వినిపిస్తూ ఉంది. అవ్వ చేతిలోని చీర మడత పూర్తి చేసి, పక్కన పెట్టి అడిగింది.

"నీకెప్పుడు ఎరుకయింది?"

"నాకు పదిహేనేండ్లప్పుడు. మా ఇంట్ల బాపు ఎవరితోనో చెప్పుకుంటుంటె ఇన్న. మూడు గంటెలు ఎవరికో అప్పుడు తెలిసింది."

"మరి ఇన్నేండ్లు ఏడ వోయినవ్ బిడ్డా?"

మేం అబద్ధాలు చెబుతుంటే ఓపికగా వినే మనిషి, తను మాత్రం సాకుగా ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

"గంజి అనుకున్న," అంది అవ్వ. "ముప్పై ఏండ్లు గంజి అనుకున్న."

ఆమె తిట్టలేదు. శాపాలు పెట్టలేదు. దగ్గరికి తీసుకోనూ లేదు. లోపలికి పోయి పళ్ళెం, అన్నం గిన్నె తెచ్చి ముందు పెట్టింది. "తింటవా?" అంది. ఆ రోజుల్లో పటేల్ బిడ్డ చాకలి వాకిట్లో తినడం జరిగే పని కాదు. టీచరమ్మ పళ్ళెం దగ్గరికి జరుపుకుంది. అవ్వ ఆమె ముఖంలోకి సూటిగా చూస్తూ వడ్డించింది. "ఒకటి," అంది. "రెండు." "మూడు." ప్రతి గరిటెకూ ఆగింది. టీచరమ్మ తలవంచుకొని మెతుకు మిగలకుండా తిన్నది. పతకాన్ని అవ్వ వైపు జరిపితే అవ్వ ముట్టుకోలేదు. "నా ఇంట్ల వద్దు. నీ మెడల ఏసిండు, నువ్వే మొయ్యి," అంది.

తిరిగి పోయేటప్పుడు వాగు దాకా నేను తోడు పోయాను. అప్పుడే ఆమె నాతో కొరియా సంగతి చెప్పింది. టీచరు ట్రైనింగుకు పోయినప్పుడు అక్కడి లైబ్రరీలో లోకంలోని పతకాలన్నిటి బొమ్మలున్న లావుపాటి పుస్తకం ఒకటి కనిపించిందట. తండ్రి పతకం ఉందేమోనని వెతికిందట. "అండ్ల లేదు. మా బాపుది గంత చిన్నది, పుస్తకాలకు ఎక్కలే. దేవులాడుకుంట పోతె కొరియా దొరికింది. అచ్చం మా ఇంటి కథనే. ఇండియా మిలిట్రి రాంగనె మా బాపు బిళ్ళ తీసి లోపట వెట్టిండు, కాంగ్రెసోళ్ళ తెల్ల టోపి వెట్టిండు. మళ్ళ ఆయననే పటేల్," అంది. "మా బాపు గురించి క్లాసుల చెప్పే ధైర్యం నాకు లేదు. కొరియా గురించి చెప్పుకున్న."

నాకు ఆమె మీద కోపం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల మీద కోపం లేదు. పదిహేనేళ్ళకు తెలిసీ నలభై దాకా నోరు విప్పని మనిషి మీద ఉంది, ఇప్పటికీ ఉంది. పక్క ఊరి బడిలో పాఠాలు చెబుతూ నాలుగు మైళ్ళు నడిచి రావడానికి ఆమెకు అన్నేళ్ళు పట్టింది. అన్నేళ్ళూ మా అవ్వ గిన్నెల అడుగులు తుడుస్తూ గడిపింది. ఆ మర్నాడు పొద్దున అవ్వ నీళ్ళ కుండను తుడవకుండా ఎత్తింది. ఎత్తి, నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి నేలను చూసుకుంది. తర్వాత నడుచుకుంటూ పోయింది.

ఆ తర్వాత ప్రతి నెలా ఒక శనివారం టీచరమ్మ మా ఇంటికి వచ్చేది. అవ్వ ఎక్కువ మాట్లాడేది కాదు. వడ్డించేది, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టేది. ఆమె తినేది. అవ్వ పోయే దాకా అదే వరస. అవ్వ ఆమెను క్షమించిందో లేదో నాకు తెలీదు. ఒక శనివారం ఆమె ఆలస్యం చేస్తే మాత్రం అవ్వ మూడుసార్లు వాకిట్లోకి వచ్చి బాట వైపు చూసింది. నన్ను నర్సింగు చదువుకు వరంగల్ పంపాలని పట్టుబట్టింది టీచరమ్మే. దరఖాస్తు తనే నింపింది, మా నాయినతో తనే పోట్లాడింది. నాకు మొదట చిట్యాలలో పోస్టింగ్ వస్తే రెండు బస్సులు మారి చూడటానికి వచ్చింది. పతకం ఏం చేశావని ఒకసారి అడిగాను. "రోజు చెయ్యి తగిలే కాడనే ఉన్నది," అంది. ఇంకేమీ చెప్పలేదు.

నేను తొర్రూరు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. హన్మకొండ నుంచి ఆమె అన్న కొడుకు వచ్చి ఉన్నాడు. నా వయసువాడే, మంచి మనిషే. అత్త కోసం నిజంగానే ఏడ్చాడు. కళ్ళు తుడుచుకొని నా దగ్గరికి వచ్చి, "సిస్టరమ్మా, మా తాతకు తెలంగాణ పోరాటంల వచ్చిన పతకం అత్తమ్మ కాడనే ఉండాలె. నీకేమన్న ఎరుకనా? ఆమె ఛాతి మీద వెట్టి సాగదోలుదామని. పేపరోళ్ళను గూడ రమ్మన్న," అన్నాడు. నేను తెలీదన్నాను. అప్పటికి అది నిజమే.

పాడె ఎత్తే ముందు ఆమె నోట్లో పోయడానికి బియ్యం కావాలన్నారు. ఇల్లు తెలిసినదాన్ని కాబట్టి నేనే లోపలికి పోయాను. వంటింటి మూలలో బియ్యం డబ్బా. చెయ్యి పెట్టగానే వేళ్ళకు చల్లగా ఏదో తగిలింది. తీసి చూస్తే ఆ వెండి పతకమే.

రోజూ పిల్లల కోసం బియ్యం తీసేటప్పుడు ఆమె చేతికి ఇది తగిలేది. అన్నేళ్ళు తగిలింది. ఇంకా లోపలికి తోసేస్తే ఎవ్వరికీ తెలీదు, ఆమె మర్యాదగా సాగిపోతుంది అనిపించింది. నర్సు బుద్ధి, పోయినవాళ్ళ మీద దుప్పటి సరిగ్గా కప్పాలని చూస్తుంది. కానీ నోరు మూసుకొని కూర్చోవడం ఎంత పని చేస్తుందో ముప్పై ఏళ్ళు గిన్నెలు తుడిచిన మా అవ్వలో చూశాను. ఒక చేత్తో బియ్యం, ఒక చేత్తో పతకం పట్టుకొని బయటికి వచ్చాను.

"అన్నా, మీ తాతది ఇదేనా?"

ఆయన ముఖం వెలిగింది. "గిదే గిదే. చిన్నప్పుడు ఒక్కసారి జూసిన."

"ఎందుకిచ్చిండ్రో తెలుసా?"

"పోరాటంల ఇచ్చిండ్రు గద."

"పోరాడినోళ్ళకు గాదు అన్నా. పోరాడేటోళ్ళను పట్టిచ్చినందుకు ఇచ్చిండ్రు. మా ఊరి రేవు కాడ ముగ్గురిని కాల్చిండ్రు. అండ్ల ఒకాయన మా పెదనాయిన. మీ అత్తమ్మ మా అవ్వ ముందట మట్టిల కూసోని తన నోటితోని చెప్పింది. నేను ఆడనే ఉన్న."

ఆయన నా మీద లేస్తాడనుకున్నాను. లేవలేదు. నా చేతిలోంచి పతకాన్ని తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. పట్టీ మడతల్లో బియ్యపు పిండి తెల్లగా పట్టి ఉంది.

"మాకెన్నడు చెప్పలే," అన్నాడు.

"మీరు ఎన్నడన్న అడిగిండ్రా?"

ఆయన పక్కకు పోయి పేపరువాళ్ళకు ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. పెద్దవాళ్ళు తొందర పెడితే వచ్చి అత్త తల దగ్గర కూర్చున్నాడు. పతకాన్ని ఆమె ఛాతీ మీద పెట్టలేదు, నాకు తిరిగి ఇవ్వలేదు, జేబులో వేసుకోలేదు. ఎడమ పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. కుడి చేతిలోకి నేను బియ్యం పోశాను.

ఆయన ఆమె బళ్ళో చదువుకోలేదు. ఆమె మాకు వడ్డించడం ఎన్నడూ చూడలేదు. అయినా బియ్యం పట్టుకున్న చెయ్యి ఆమె నోటి దాకా పోగానే ఆయన ముఖం పక్కకు తిరిగిపోయింది. వాకిలి అవతలికి చూస్తూ, చూడకుండానే పోశాడు. సగం బియ్యం ఆమె నోట్లో పడ్డాయి, సగం నేల మీద పడ్డాయి.